వింటినారి, ఇంటినారి

పూర్వం, ధర్మం నాలుగు పాదాల మీద నడుస్తూండగా అధర్మం చెప్పులు చేతబట్టుకుని చప్పుడు కాకుండా దాని వెనకే నడుస్తున్న ఒకానొక యుగంలో, శారికా నదీతీరాన వెలసిన ఊర్జావతీపురాన్ని ఏలుతున్న ఊర్జకేతు మహారాజు, తన పరాక్రమం పలచబడిందని లోలోపల కుములుతూ, కిరీటాన్ని మంత్రి చేతికిచ్చి, పాదరక్షలు వాకిట విడిచి, తరతరాలుగా ఆరని హోమధూమంలో కూర్చుని తపస్సుతో పాటు దగ్గును కూడా సంపాదించుకున్న దీర్ఘకాస మహర్షి ఆశ్రమంలో ఒంటరిగా ప్రవేశించి, సాష్టాంగపడి లేచి, చేతులు జోడించి ఇలా విన్నవించాడు.

“తపోనిధీ! మా వంశకర్తకు విశ్వకర్మ అనుగ్రహించిన శృంగిణి అనే విల్లు నా చేతిలో ఉన్నది. దాని బాణం ఒకప్పుడు శారికను దాటి, ఆవలి గండశిఖరాన్ని దాటి పడేది. ఈ వర్షర్తువు మొదలు నది నడుమనే మునిగిపోతున్నది. భుజం అదే, బాణం అదే, గురి అదే. ఆవలి కొండ గుహలో శిలాకుక్షి అనే రాక్షసుడు ఆ బాణానికి జడిసి ఇన్నాళ్లూ కదలక పడి ఉన్నాడు. వాడికీ సంగతి తెలిసిననాడు నదికి అడ్డుపడి, నా ప్రజల నోట మన్ను కొడతాడు. నాలో ఏ లోపమున్నదో, నేను విడువవలసినదేదో సెలవీయండి.”

మహర్షి కన్నులు మూసి, యోగదృష్టితో రాజమందిరాన్ని కలయజూసి, చూడవలసినది చూసి, పెదవి విప్పి, “వింటి” అన్నాడు. అంతలో హోమగుండం నుంచి పొగ తెర ఒకటి లేచి ఆయన గొంతుకు అడ్డుపడింది. దగ్గు పట్టుకుంది. వంగి దగ్గి, లేచి దగ్గి, కమండలంలోని నీళ్లు తాగి, రొమ్ము రాచుకుని, ఊపిరి నిలదొక్కుకుని, ఆగిన చోటి నుంచే మాట అందుకున్నాడు. “నారిని విడువుము. అంతే. బలం దానంతటదే తిరిగి వస్తుంది. వింటివా నాయనా?”

“వింటిని స్వామీ” అన్నాడు రాజు. మళ్లీ అడగలేదు. నమస్కరించి వెనుదిరిగాడు. మహర్షి తన దగ్గుకు మూలిక వెతుక్కుంటూ ఆ సాయంకాలమే హిమవత్పర్వతానికి బయలుదేరి వెళ్లాడు.

శ్రోతలారా, ఆ దగ్గు ఎక్కడ పడిందో కాస్త గుర్తుపెట్టుకోండి. దగ్గు చిన్నదే. దగ్గరివాళ్లను దూరం చెయ్యడానికి అంతకంటే పెద్దది అక్కర్లేదు.

ఇంతకూ ఆ నారి ఎవరంటారా? చెబుతాను. అవతలి అడవుల్లో చాగమొక్కల నార తీసి, పేని, వింటికి అల్లెతాళ్లు కట్టించే మూర్వుడనే రాజర్షి ఉండేవాడు. ఆయన కూతురు మౌర్వీదేవి. ఆ మాటకు అర్థమే వింటినారి. ఆమెను పెండ్లాడి తెచ్చుకున్ననాడు, శ్లేష దొరికితే పంచభక్ష్యాలు వదిలి లేచే స్వభావం గల ఊర్జకేతుడు నిండుసభలో లేచి, “ఆర్యులారా! నేటి నుంచి మాకు ఇద్దరు నారులు! వింటికొక నారి, ఇంటికొక నారి. వింటినారి మోగితే శత్రువు హడలిపోతాడు, ఇంటినారి మూగబోతే మేము హడలిపోతాము!” అన్నాడు. సభ గొల్లుమంది. ఎదుటివాడి ముఖం చూసి మాట్లాడతాడు గనుక సార్థకనాముడైన సుముఖుడనే మంత్రి మాట పూర్తి కాకముందే నవ్వేశాడు.

మౌర్వీదేవి కూడా నవ్వింది. నవ్వి ఊరుకోలేదు. నాటి నుంచి ప్రతి సాయంకాలమూ, రాజు అలసి వచ్చి విల్లును మూలకు ఆనించగానే, తానే వెళ్లి, మోకాలితో నడుమ నొక్కి, బద్దను వంచి, వింటికొన కొప్పు నుంచి నారిని జార్చి చిలక్కొయ్యకు తగిలించేది. నారి విడిన శృంగిణి ఒళ్లు విరుచుకుని, అటు తిరిగి, పిల్లిపిల్లలా వెనక్కి ముడుచుకుని పడుకునేది. “అది కొమ్ముతో చేసిన విల్లు ప్రభూ. దాని సొంత వంపు అటు. మనం బలవంతాన ఇటు వంచి పని చేయించుకుంటున్నాము. పొద్దు గూకాకనైనా దాన్ని దాని వైపు తిరగనివ్వాలి కదా” అనేది.

అయితే, గండశిఖరం మీద రాళ్లు దొర్లుతున్నాయని, శిలాకుక్షి నిద్రలో ఒత్తిగిల్లుతున్నాడని వేగులు మోసుకొచ్చిన నాటి నుంచి రాజుకు భయం పట్టుకుంది. భయం అని తాను అనలేదు, అప్రమత్తత అన్నాడు. విల్లును నారి బిగించి పడకగదిలో పక్కనే పెట్టుకోసాగాడు. రాణి విప్పబోతే, “గుణమంటే నారి కూడాను దేవీ! నారి లేని విల్లు నిర్గుణం. అది పరబ్రహ్మకు చెల్లుతుంది గాని క్షత్రియుడికి చెల్లదు” అని శ్లేషించి చెయ్యి తోసేశాడు. ఎండలు పోయాయి, వానలు పడ్డాయి, విల్లు వంగిన నడుము ఎత్తలేదు. బాణం కొండ నుంచి ఒడ్డుకు, ఒడ్డు నుంచి నీళ్లకు దిగజారింది.

ఒకనాడు సభలో, తెరచాటు నుంచి మౌర్వీదేవి ఉండబట్టలేక, “మహారాజా, విల్లు అలసిపోయింది” అంది.

సుముఖుడు రాజు ముఖం చూశాడు. చూసి, గొంతు సవరించుకుని, “దేవిగారు అంటున్నది విల్లును గూర్చియేనా, లేక విలుకానిని గూర్చియా అని సభ్యులకు సందేహం కలుగవచ్చు” అన్నాడు, కలగనివాళ్లక్కూడా కలిగేటట్టు.

ఎవరూ నవ్వలేదు. రాజు చెవిలో మాత్రం ఆ మాట ముల్లులా దిగింది. రాజు మహర్షి దగ్గరికి వెళ్లింది ఆ ముల్లుతోనే. చెవిలో ముల్లున్నవాడికి ఏ మాటయినా ముల్లు పక్క నుంచే లోపలికి పోవాలి.

ఆశ్రమం నుంచి తిరిగివచ్చి, ఉత్తరీయమైనా మార్చకుండా, ఊర్జకేతుడు అంతఃపురంలోకి వెళ్లి నిలబడి, గోడ వైపు చూస్తూ, “దేవీ! మహర్షి ఆజ్ఞ అయింది. నేను నిన్ను విడువవలసి ఉన్నది” అన్నాడు.

మౌర్వీదేవి చేతిలోని పూలదండను కింద పెట్టలేదు. “ఏమన్నారు? వారి మాటలే చెప్పండి. మీ మాటలొద్దు.”

“‘వింటి’ అన్నారు. ‘నారిని విడువుము, బలం తిరిగి వస్తుంది’ అన్నారు.”

“‘వింటి’ అని ఆగారా?”

“ఆగారు. దగ్గు వచ్చింది.”

ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. తరవాత నవ్వింది. పెళ్లినాడు సభలో నవ్విన నవ్వు కాదది. “మళ్లీ అడిగారా?”

“మహర్షి మాటను మళ్లీ అడగడం అపచారం.”

“సరే. వెళతాను. వెళ్లే ముందు ఒక్క పని చెయ్యనివ్వండి. ఆ శృంగిణి నారి విప్పి పోతాను. నా కోసం కాదు, ఊరి కోసం.”

“ఆయుధాన్ని ముట్టుకోవద్దు” అన్నాడు రాజు. “ఇకమీద దానికి నువ్వు పరాయిదానివి.”

ఆమె ఒంటిమీది నగలు తీసి పూలదండ పక్కన పెట్టి, నారచీర కట్టుకుని, నగరం వెలుపల ఇసుకతిన్నెల అవతల జాలరులు ఆనవాలుగా నాటిన గడల దగ్గర తాటాకు పాక వేసుకుని ఉండిపోయింది. నారికి నారచీరే గతి అయిందని సుముఖుడు చమత్కరించాడట. రాజు నవ్వాడట. ఆయన కడుపారా నవ్విన ఆఖరి శ్లేష అదేనని చెబుతారు.

మరి బలం తిరిగి వచ్చిందా? విల్లు నిలుపుకుని ఇల్లు పోగొట్టుకున్న రాజు ఆ విల్లును పసుపు కుంకుమలతో పూజించాడు. నారికి సాంబ్రాణి ధూపం వేశాడు. బిగించిన నారి బిగించినట్టే ఉంది. మరునాడు లాగి వదిలితే, బాణం ఒడ్డున కుంటుతున్న కొంగ పక్కన పడింది. కొంగ ఎగరను కూడా లేదు, ఒకడుగు పక్కకు జరిగింది.

అది చూశాడు శిలాకుక్షి. రాతి బొజ్జ నిమురుకుంటూ కొండ దిగి, శారిక ఇరుకులోంచి దూకే చోట అడ్డంగా పడుకుని, నోరు తెరిచి, వచ్చిన నీళ్లు వచ్చినట్టే తాగసాగాడు. దిగువన నది మడుగులైంది, మడుగులు బురదలయ్యాయి, బురద నెర్రెలిచ్చింది. తల్లులు ఇసుకలో చెలమలు తవ్వి, చిప్పతో తోడి, గుడ్డతో వడకట్టి, ఆ చుక్కలను పసివాళ్ల నోట పిండసాగారు. మౌర్వీదేవి కూడా వాళ్ల మధ్యనే కూర్చుని చెలమ తోడింది. కొందరు ఆమెను చూసి, “ఈమె వల్లనే రాజు బలం పోయిందట” అని గొణిగి, ఆమె తోడిన నీళ్లే పట్టుకుపోయారు.

ఆ రాక్షసుడికి ఒళ్లంతా రాయే. గుటక వేసినప్పుడు గడ్డం కింద ఒక్కచోట మాత్రం చర్మం మెత్తగా కదులుతుంది. అక్కడ తగలాలి బాణం. తగలడం మాట దేవుడెరుగు, చేరడమే లేదు. చివరికొకనాడు రాజు పురజనులందరి ఎదుట ఎండిన ఒడ్డున నిలబడ్డాడు. “బాణం బరువైంది ప్రభూ, తేలికది వెయ్యండి” అన్నాడు సుముఖుడు. తేలిక బాణం వేశాడు. కొంచెం దూరం పోయింది, గాలికి తూలి పడింది. “ఇంకా తేలికది” అన్నాడు. రెల్లుపుల్ల లాంటిది వేశాడు. ఈసారి బాణం కంటే విల్లే ఎక్కువ వణికింది. బద్ద కటకటమంది. కొండ దగ్గర రాక్షసుడు పొట్ట పట్టుకుని నవ్వితే, ఆ నవ్వుకు ఎగిరిన నీటి తుంపర ఒకటి గాలిలో వచ్చి ఒడ్డున నిలబడ్డ ఒక ముసలిదాని పెదవి మీద పడింది. ఆమె దాన్ని నాకింది.

అది చూసి రాజుకు తల తిరిగింది. బాణం లేదు, గురి లేదు, వట్టి నారినే చెవిదాకా లాగి, విల్లును శపించినట్టు పళ్లు కొరుకుతూ, విడిచిపెట్టబోతూండగా జనం వెనక నుంచి ఒక గొంతు దగ్గు లేకుండా ఖణేలుమంది.

“విడువకు! నారిని విడువకు!”

హిమవత్పర్వతం నుంచి మూలికతో తిరిగి వస్తున్న దీర్ఘకాస మహర్షి కర్ర విసిరేసి పరుగెత్తుకొచ్చాడు. లాగిన నారిని పట్టుకునే ఉన్న రాజు భుజాలు వణుకుతూండగా, “స్వామీ! నిరుడు విడువుమన్నారు, నేడు విడువకుమంటున్నారు! ఇప్పుడా చెప్పడం? విడిచి ఏడాదయింది!” అని గోలపెట్టాడు.

“ఎక్కడ విడిచావు? నీ చేతిలోనే ఉన్నది కదా!”

“నా చేతిలో ఏమున్నది స్వామీ! ఇసుకలో పాక వేసుకుని ఉన్నది!”

“నారికి పాక ఏమిటి నాయనా?”

“మరి ఎక్కడుండమంటారు? పుట్టింటికి పోలేదు!”

మహర్షి దిమ్మెరపోయి, ముందు రాజు చేతులు పట్టుకుని లాగిన నారిని మెల్లగా యథాస్థానానికి దింపించాడు. “బాణం లేకుండా విడిస్తే, నీ భుజం పోసిన శ్రమను మోసుకుపోయేవాడు లేక, అదంతా వెనక్కి తిరిగి ఈ బద్దలనే బద్దలు కొడుతుంది. ఇంకాస్తయితే చేతిలో పుల్లలు మిగిలేవి. ఇప్పుడు చెప్పు. నేను విడువుమన్నది దేనిని?” అంటూ బిగిసి ఉన్న అల్లెతాటిని వేలితో మీటాడు. అది మోగలేదు. మూలిగింది.

ఊర్జకేతుడు ఆ తాటిని చూశాడు. చూస్తూ చూస్తూ ముఖంలో నెత్తురు లేనివాడయ్యాడు. పెళ్లినాటి తన శ్లేష తానే వచ్చి తన మెడకు చుట్టుకుంది.

“నేనన్నది ‘వింటినారిని విడువుము’ అని. ఒక్క మాట! నడుమ దగ్గొచ్చి రెండయింది. నువ్వు మొదటి ముక్కను నాకిచ్చి, ‘వింటి’ అంటే ‘విన్నాను’ అన్నానని అనుకున్నావు. రెండో ముక్కను ఆమెకిచ్చావు. ప్రజలారా, మీరూ వినండి. బాణాన్ని నారి తోస్తుందని మీరనుకుంటారు. నారికి సొంత బలం లేదు. అది సాగదు, సాగితే పనికిరాదు. బలం బద్దలది. శృంగిణికి విలుకాని వైపు కొమ్ము, ఆవలి వైపు నరం, నడుమ వెదురు. నారిని లాగితే కొమ్ము నొక్కుకుపోతుంది, నరం సాగిపోతుంది. నడుమనున్న వెదురు అటు సాగక, ఇటు నలగక, అత్తాకోడళ్ల మధ్య మగవాడిలా ఊరుకుంటుంది. నొక్కుకున్నది నిడుపు కావాలని, సాగినది కురచ కావాలని తహతహలాడతాయి. భుజం నిదానంగా పోసిన శ్రమనంతా ఆ రెండూ దాచుకుని, వేలు వదిలిన రెప్పపాటులో బాణం మీద కుమ్మరిస్తాయి. నిదానంగా నింపినది ఒక్క పెట్టున ఒలికించడమే విల్లు చేసే మాయ. విల్లు బలమంటే మరేమీ కాదు, వంచినా మళ్లీ నిటారు కావాలనే పట్టుదల! రాత్రింబవళ్లు నారి బిగించి ఉంచితే బద్దకు బద్ధకం పట్టి, వంపే సుఖమనుకుని, ఆ పట్టుదల చచ్చిపోతుంది.”

అంటూ నారిని జార్చాడు. శృంగిణి ఒళ్లు విరుచుకోలేదు. వెనక్కి తిరగలేదు. వంగినది వంగినట్టే, ఎవరి ఎదుటో తలదించుకుని నిలబడ్డట్టు ఉండిపోయింది.

రాజు జనాన్ని చీల్చుకుంటూ చెలమల వైపు పరుగెత్తాడు. తడి ఇసుక అంటిన చేతులతో మౌర్వీదేవి లేచి నిలబడింది.

“దేవీ! పొరపాటు. ఒక్క దగ్గు వల్ల...”

“తెలుసు” అంది ఆమె. “ఆనాడే తెలుసు. అందుకే ‘ఆగారా’ అని అడిగాను.”



“తెలిసి చెప్పలేదా? ఒక్క మాట చెబితే...”

“విల్లు విప్పుతానని అడిగాను. ముట్టుకోవద్దన్నారు. ఇక నా సంగతా? విడవడానికి ఒక దగ్గు చాలినవాడికి ఉంచుకోవడానికి నేను వ్యాకరణం నేర్పాలా మహారాజా? అంగట్లో కందగడ్డ బరువు చెబితే మళ్లీ ఒకసారి అడుగుతారు. సందేహం ఉన్నవాడు మళ్లీ అడుగుతాడు. కావలసిన మాటే వినబడ్డవాడు ఎందుకడుగుతాడు?”

ఊర్జకేతుడు ఆ నెర్రెల నేల మీద మోకాళ్లూని, కొమ్ముతో చేసిన వింటికి ఆదిదైవమైన శార్ఙ్గపాణిని, శంఖచక్రధరుని, ఆర్తత్రాణపరాయణుని పేరుపేరునా పిలిచి విలపించగా, ఎండిన ఆకాశం నీలమై, ఆ నీలం మేనై, కౌస్తుభం మెరిసి, స్వామి ప్రత్యక్షమయ్యాడు.

“కోరుకో” అన్నాడు స్వామి.

“విల్లుకు బలం, ఊరికి నీరు, నాకు...” అని రాజు మౌర్వీదేవి వైపు చూశాడు.

“మొదటి రెండూ ఇచ్చాను. వంగిన బద్దకు పట్టుదల తిరిగి పొయ్యడం నాకు తేలిక, ఎందుకంటే అది అలిగి వంగలేదు, అలసి వంగింది. మూడవది నా దగ్గర లేదు నాయనా. అది ఆమె దగ్గరున్నది.”

స్వామి చూపు తగలగానే శృంగిణి జలదరించి, గిరుక్కున వెనక్కి తిరిగి ముడుచుకుంది. రాజు చెమటలు కారగా దాన్ని తన వైపు వంచి, నారి తొడిగి, బరువైన ఇనుప ములికి బాణాన్ని సంధించి, శిలాకుక్షి గుటక వేసే అదను చూసి విడిచాడు. నారి మోగింది. బాణం గడ్డం కింద మెత్తని చోట దిగబడింది. రాతిబొజ్జ పగిలి, తాగిన నీళ్లన్నీ ఒక్క పెట్టున శారికలో దూకాయి. తల్లులు పిల్లలను ఎత్తుకుని ఆ నీళ్లలోకి పరుగెత్తారు. సుముఖుడు జయజయధ్వానం మొదలుపెట్టి, రాజు ముఖం చూసి, సగంలో ఆపేశాడు.

“అమ్మా, నీకేం కావాలి?” అన్నాడు స్వామి.

మౌర్వీదేవి చేతులకంటిన ఇసుకను కొత్త నీళ్లలో కడుక్కుని అంది. “నిటారుగా నిలబడడం ఈ ఏడాదిలో నాకు మళ్లీ అలవాటయింది స్వామీ. అది పోకుండా చూడండి. రెండో మాట. నా మూలాన రాజు బలం పోయిందని ఊరంతా అనుకుంది. జరిగినదేమిటో ఏటేటా నీళ్లు వచ్చిన ఈ దినాన, ఈ ఒడ్డు మీద, రాజే తన నోటితో, దగ్గుతో సహా, అందరికీ విడమరచి చెప్పాలి.”

“తథాస్తు” అన్నాడు శార్ఙ్గపాణి.

నాటి నుంచి ఊర్జావతిలో పొద్దు గూకితే ఏ ఇంటా నారి బిగిసిన విల్లు ఉండదు. గురువు చెప్పిన మాటను శిష్యుడు ముక్క విరగకుండా తిరిగి అప్పజెప్పి గాని లేవకూడదన్న ఆచారం కూడా ఆ ఒడ్డునే పుట్టిందంటారు. శారిక వేళకు పారింది, పంటలు పండాయి, ధర్మం తన నాలుగు పాదాలూ కూడదీసుకుని నడిచింది. ఏటా ఆనాడు రాజు కిరీటం తీసి, ఒడ్డున నిలబడి, “మహర్షి ‘వింటి’ అన్నారు” అని చెప్పి, వంగి దగ్గి, లేచి దగ్గి, “‘నారిని విడువుము’ అన్నారు. వింటినారి అని నాకు వినబడలేదు, ఇంటినారి అని విన్నాను. ఆమెలో లోపం లేదు. మళ్లీ అడగని లోపం నాది” అని ముగిస్తాడు. ఆ దగ్గుకు పిల్లలు పడిపడి నవ్వుతారు.

“వింటిరా?” అని అడుగుతాడు రాజు.

“వింటిమి!” అని ఒడ్డంతా మోగుతుంది.

గడల దగ్గర, పాక ముందు నిలబడ్డ ఒక్కరు మాత్రం ఏమీ అనరు. మోగితే కాదు, మూగబోతే హడలిపోతామన్నవాడు ఆ వైపు తిరిగి, జనం ఇళ్లకు మళ్లుతూండగా, గొంతు తగ్గించి రెండోసారి అడుగుతాడు.

“వింటిరా?”